చప్పుడు లేని కొత్త బండి

ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటరుకి కాస్త ఇవతల ఉన్న కార్ల స్టాండులో ఆ రోజు పొద్దున్నించీ ఒకటే గొడవ. గొడవంటే కొట్లాట కాదు. బేరాలు లేని పూట డ్రైవర్లకి నోరు ఊరుకోదు. వాళ్ళంతా ఏళ్ళ తరబడి తోలిన తెల్ల సెడాన్‌ని కంపెనీ వాళ్ళు తయారుచెయ్యడం మానేశారు. దాని చోట్లోకి హైబ్రిడ్ బండి తెచ్చారు. కాసేపు పెట్రోలు మీద, కాసేపు బ్యాటరీ మీద నడుస్తుందట. ఏలూరు రోడ్ల మీద ఒకటీ అరా కనబడుతోంది కూడా. దాని మీద పడ్డారు అందరూ.

"బండంటే ఇదిరా," అన్నాడు అబ్దుల్ సలాం, తన పాత సెడాన్ బానెట్ మీద చెయ్యేసి. "ఇన్నేళ్ళలో ఇంజను విప్పింది లేదు. పెళ్ళివారి సామానంతా డిక్కీలో పట్టేస్తుంది. డీజిల్ వాసన చూపిస్తే చాలు, పరిగెడుతుంది. ఇలాంటి బండిని ఆపేశారంటే వాళ్ళకి అన్నం సయించిందా అసలు?"

"సలాం బాబాయ్, నువ్వు బండి గురించి చెబుతున్నావో, మా పిన్ని గురించి చెబుతున్నావో తెలీట్లేదు," అన్నాడు బంగార్రాజు. వాడు కుర్రాడు. ఒక రొయ్యల కంపెనీలో ఆ కొత్త హైబ్రిడ్డే తోలుతున్నాడు.

"మీ పిన్ని రోజుకోసారి మొరాయిస్తుంది. ఇది ఒక్కనాడు మొరాయించలేదు. ఆ మాట ఇంటికెళ్ళి చెప్పావంటే చంపేస్తాను."

అందరూ నవ్వారు.

"ఒక్కసారి ఎక్కి చూడు బాబాయ్. కుదుపుండదు, చప్పుడుండదు. క్లచ్చే లేదు. బండి ఆగితే ఇంజను దానంతటదే ఆగిపోద్ది. మళ్ళీ ఎప్పుడు అందుకుందో మనకే తెలీదు."

"డ్రైవరుకి తెలీకుండా ఇంజను ఆగిపోవడం ఏంట్రా? అది బండా, దెయ్యమా? ఆ బ్యాటరీ పోతే బాగుచేసేవాడు మనూళ్ళో ఉన్నాడా? బెజవాడ దాకా తోసుకెళ్తావా? కొల్లేరు పొంగి నీళ్ళు రోడ్డెక్కితే అప్పుడేం చేస్తావ్?"

"నీ బండి మాత్రం ఈదుకుంటూ వెళ్ళిపోద్దా ఏంటి?"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో సలాం పక్కకి తిరిగి, వేపచెట్టు నీడలో అద్దం తుడుచుకుంటున్న కృపానందాన్ని పిలిచాడు. "నువ్వేమంటావ్ కృపా? మీ ప్రసాదరావు గారు కూడా హైబ్రిడ్ బుక్ చేశారంటగా? పాతది జంగారెడ్డిగూడెం వాళ్ళకెవరికో ఇచ్చేస్తున్నారంట?"

"ఏముందిలే. ఏ బండైనా తోలడమే కదా," అన్నాడు కృపానందం. అని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

కృపానందానికి అరవై దగ్గర పడుతున్నాయి. కొల్లేటి ఒడ్డున చేపల చెరువులున్న ప్రసాదరావు గారి దగ్గర చాలాకాలంగా డ్రైవరు. పొద్దున్నే ఏలూరులో బస్సెక్కి, ఆయన ఊరు వెళ్ళి, కారు తీసి, ఆయన్ని ఎక్కడెక్కడికో తిప్పి, ఏలూరులో ఆయనకి పనున్నంతసేపూ ఈ స్టాండులో ఆగి, సాయంత్రం కారు షెడ్డులో పెట్టి, మళ్ళీ బస్సులో ఏలూరు చేరతాడు. మనిషి మెత్తన. నలుగురిలో ఉంటే ఉన్నట్టే తెలియదు. ఆదివారం చర్చిలో వెనక బల్ల మీద కూచుంటాడు. పాటలప్పుడు పెదవులు కదులుతాయిగాని గొంతు బయటికి రాదు.

ఇంట్లో మాట్లాడే మనిషి ఆయన భార్య నిర్మల. పిల్లల్లేరు. వాళ్ళిద్దరి మాటలూ నిర్మలే మాట్లాడేది. ఆయన డ్యూటీలో ఉన్నా ఊరుకునేది కాదు, ఫోన్ చేసేది. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయనీ, చర్చిలో కొత్త మైకు గుయ్యిమంటోందనీ, ఎదురింటివాళ్ళ పిల్లి మళ్ళీ పాలు తాగేసిందనీ చెప్పేది. వెనక సీట్లో అయ్యగారుంటారు కదా, ఈయన "ఊఁ" అనేవాడు. "బండిలో ఉన్నాను, తర్వాత చెబుతాలే" అనేవాడు. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు అలిసిపోయేది. తర్వాత చెబుతానన్నవి ఎప్పుడూ చెప్పలేదు.

కిందటి వానాకాలంలో జ్వరమని ఆసుపత్రిలో చేర్చిన నిర్మల ఇంటికి తిరిగి రాలేదు.

దినాలయ్యాక మళ్ళీ డ్యూటీకి వచ్చిన కృపానందం, ఒకరోజు చెరువు గట్ల మీద కారు తోలుతూ, కుళాయి బాగుచేయించానని నిర్మలతో చెప్పాడు. చెప్పాక ఉలిక్కిపడి అద్దంలోంచి వెనక్కి చూశాడు. ప్రసాదరావు గారు ఫోన్లో మేత బస్తాల లెక్క మాట్లాడుకుంటున్నారు. ఏమీ వినలేదు. ఆ డీజిల్ ఇంజను హోరు అలాంటిది. ముందు సీట్లో గొణిగిన మాట వెనక్కి చేరదు.

ఆనాటినుంచీ అదే అలవాటయింది. పిల్లి సంగతి, మైకు సంగతి, పక్క వాటాలోకి కొత్తగా దిగినవాళ్ళ సంగతి, "ఊఁ" అని దాటేసిన వాటన్నిటికీ ఒక్కొక్కటే బదులు చెప్పుకుంటూ వచ్చాడు. దానికొక పద్ధతి పెట్టుకున్నాడు. తాళం తిప్పితే మాట. తాళం కట్టేస్తే మాట బంద్. రైలుగేటు పడినా, బంకు దగ్గర ఆగినా, ఇంజను ఆపేముందు ఆ మాట ముగించేవాడు. చనిపోయినవాళ్ళతో మాట్లాడటం తమ చర్చిలో ఒప్పుకోరని ఆయనకి తెలుసు. పాస్టరు గారికి తెలిస్తే కూచోబెట్టి వాక్యం చెబుతారు. అందుకని దాన్ని మాట్లాడటం అని కూడా అనుకునేవాడు కాదు. బండి తోలడంలో అదీ ఒక భాగం, అంతే.

ఇంట్లో మాత్రం నోరు పెగిలేది కాదు. గోడకవతల మనుషులున్నారని కాదు. ఇంట్లో ఒక మాట అంటే, అన్నాక ఇల్లంతా ఊరుకుంటుంది. గిన్నె మీద మూత పెట్టినట్టుంటుంది. బండిలో అలా కాదు. ఆ హోరులో నిర్మల ఏదో అనే ఉంటుంది, తనకే వినబడి ఉండదు. ఎప్పుడూ తను ఆవిడ మాట సగం సగమే విన్నాడు కదా, ఇదీ అంతే అనుకునేవాడు.

అందుకే ప్రసాదరావు గారు పాత బండి ఇచ్చేస్తున్నానని చెప్పిన రోజున కృపానందానికి దిక్కుతోచలేదు. పోయేది బండి ఒక్కటే కాదు. నిర్మలతో మాట్లాడుకునే ఆ చోటు పోతోంది. ఆ సంగతి ఎవరికి చెబుతాడు? ఏమని చెబుతాడు?

ఒకసారి అడిగి చూశాడు. "అయ్యగారూ, పాతదాన్ని కూడా ఉంచుకుంటే చెరువుల మీదకి పనికొస్తుందేమోనండి."

"ఎందుకండీ కృపానందం, దాని విడిభాగాలు కూడా రావడం మానేస్తాయంట ఇంకొన్నాళ్ళకి. మాట కూడా ఇచ్చేశాను వాళ్ళకి," అన్నారు ప్రసాదరావు గారు. మంచి మనిషే. డ్రైవరు ముఖం చూసి, "మీకు కొత్త బండి చేతికిస్తుంటే సంతోషం లేదేవిటండీ?" అని నవ్వారు.

జంగారెడ్డిగూడెం వాళ్ళు వచ్చి సెడాన్ తీసుకెళ్ళారు. అది చెరువు గట్టు మలుపు తిరిగాక కూడా దాని చప్పుడు చాలాసేపు వినబడింది. కృపానందం చేతిలో గుడ్డ పట్టుకుని అక్కడే నుంచున్నాడు.

కొత్త హైబ్రిడ్ వచ్చింది. బూడిద రంగు, నున్నటి బండి. మొదటిరోజే తప్పు చేశాడు. షెడ్డులో పెట్టాడు, చప్పుడు లేదు కదా ఆగిపోయిందనుకుని దిగి వెళ్ళి టీ తాగి వచ్చాడు. మీట నొక్కి ఆపాలన్నది మర్చిపోయాడు. మధ్యాహ్నం ప్రసాదరావు గారు తలుపు తీస్తే లోపల ఏసీ చల్లగా వస్తోంది. "ఏమండోయ్, బండి మేలుకునే ఉంది, మీరే నిద్రపోయినట్టున్నారు!" అని ఆటపట్టించారు. కాలు కూడా మాట వినేది కాదు. ఎడమకాలు క్లచ్ కోసం వెతుక్కునేది. అక్కడేమీ ఉండేది కాదు.

వెనక ఎవరూ లేనప్పుడు మాట్లాడుకోవచ్చు కదా అనిపించి, ఒకరోజు ఖాళీ బండిలో వస్తూ, "నిర్మలా, ఇదే కొత్త బండి," అన్నాడు. మాట గాజు మీద గోరుతో గీసినట్టు స్పష్టంగా వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. టైర్ల కింద కంకర చిటపటలాడటం తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరైనా జవాబిస్తే వినబడకుండా పోయే వీల్లేదు. ఆయన భయపడిపోయాడు. మళ్ళీ నోరెత్తలేదు.

అలా చాలా రోజులు గడిచాయి. చెప్పాల్సినవి లోపలే పేరుకుంటున్నాయి. స్టాండులో సలాం ఊరుకోడు కదా, "ఎలా ఉంది కృపా నీ దెయ్యం బండి?" అని అడిగాడు. "బానే ఉంది. చప్పుడు లేదు," అన్నాడు. "అదే బాబాయ్ నేను చెప్పింది," అని బంగార్రాజు సంబరపడ్డాడు. తన మాటకి సాక్ష్యం దొరికిందనుకున్నాడు పాపం.

ప్రసాదరావు గారి తల్లి శేషారత్నం గారు. పెద్దావిడ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పల్చటి మనిషి, చూపు తగ్గింది గాని చెవులు మాత్రం పాము చెవులే. మేడ మీద ఫోన్ మోగితే కింద వంటింట్లోంచి ఆవిడే ముందు పలుకుతుంది. ఆవిడ తాడేపల్లిగూడెంలో ఉన్న చెల్లెల్ని చూడాలని బయల్దేరింది. దారిలో భీమడోలులో మరదలికి నాలుగు కొర్రమీనలు ఇచ్చి వెళ్ళాలంది. నీళ్ళు పోసిన చేపల గిన్నెకి గుడ్డ కట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుని, వెనక సీట్లో కూచుని, ఏలూరు దాటకముందే కళ్ళు మూసుకుంది.

హైవే ఎక్కాక బండి వేగం అందుకుంది. ఇంజను కూడా అందుకుంది. ఏసీ గాలి, టైర్ల రొద, పక్కనుంచి లారీలు. పాత బండి హోరు కాదుగాని, ఏదో ఒక హోరు. వెనక ముసలావిడ నిద్రపోతోంది. కృపానందానికి లోపల కట్ట తెగింది. తెలియకుండానే మొదలెట్టేశాడు. పాత బండి వెళ్ళిపోయిన సంగతి చెప్పాడు. చర్చిలో నిర్మల కూచునే చోట వేరెవరో కూచున్నారని చెప్పాడు. భీమడోలులో హైవే దిగి సందులోకి తిరిగాక కూడా ఆపలేదు. రైలుగేటు పడి ఉంది. బ్రేకు మీద కాలు పెట్టాడు. తాళం తిప్పే పని లేదు కదా, చెయ్యి కదలలేదు. చెయ్యి కదలకపోయేసరికి మాటా ఆగలేదు. ఇంజను మాత్రం ఆయన్ని అడక్కుండా తన పాటికి తను ఆగిపోయింది.

"...ఎన్నిసార్లు తెచ్చినా వంకాయలు పుచ్చులే వస్తున్నాయి నిర్మలా. నువ్వు ఎలా చూసి ఏరేదానివి?"

ఆ ప్రశ్న బండిలో అలా నిలబడిపోయింది. అద్దంలోకి చూడటానికి కృపానందానికి ధైర్యం చాల్లేదు.

"ఎవరితో బాబూ?" అంది శేషారత్నం గారు. నిద్ర గొంతు కాదు అది. ఆవిడ నిద్రపోనే లేదు.

"ఎవరూ లేదండి అమ్మగారూ."

"ప్రార్థన చేసుకుంటున్నావా?"

అవునంటే సరిపోయేది. ఆవిడే దారి చూపించింది. కాని ప్రార్థనలో పుచ్చు వంకాయలు రావు కదా. అబద్ధమాడితే ఆ పూట నిర్మలతో మాట్లాడిందంతా అబద్ధమైపోతుందనిపించింది.

"కాదండి," అన్నాడు.

రైలు వచ్చింది. పెట్టెలన్నీ దడదడమంటూ దాటిపోయేదాకా ఇద్దరూ ఊరుకున్నారు. ఆయన మనసులో ఒకటే ఆలోచన. ఈవిడ కొడుక్కి చెబుతుంది. చచ్చిపోయిన భార్యతో మాట్లాడుకుంటూ బండి తోలేవాడికి ఇంట్లోవాళ్ళని ఎవరప్పగిస్తారు?

రైలు వెళ్ళిపోయింది. గేటింకా లేవలేదు.

"తొడిమ చూడాలి బాబూ," అంది ఆవిడ. "తొడిమ పచ్చగా, ముళ్ళు గుచ్చుకునేలా ఉంటే లేతది. కాయ చేతిలో తేలిగ్గా ఉండాలి. నొక్కి చూడకు, కొట్టువాడు తిడతాడు."

కృపానందం స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. నిర్మల పోయాక ఆయన అడిగినవాటిల్లో ఒక్కదానికైనా జవాబు రావడం ఇదే. ఆ జవాబు వేరే గొంతులో వచ్చింది. ఎంత కమ్మటి గొంతైతేనేం, నిర్మలది కాదు. ఇన్నాళ్ళూ ఆ హోరులో నిర్మల ఏదో అంటూనే ఉందని నమ్ముకున్నాడు. జవాబంటే ఎలా ఉంటుందో ఇప్పుడు విన్నాడు. ఇక ఆ నమ్మకం నిలవలేదు.

గేటు లేచింది. వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. కృపానందం కంగారులో, ఆగిన ఇంజనుని స్టార్టు చేద్దామని మీట నొక్కాడు. అప్పటిదాకా సిద్ధంగా ఉన్న బండి కాస్తా పూర్తిగా ఆరిపోయింది. మళ్ళీ నొక్కాడు. బ్రేకు మీద కాలు లేదు, కదల్లేదు. "ఏవండీ, కొత్త పెళ్ళికూతురా ఏంటండీ, అడుగు తీసి అడుగెయ్యదు!" అని ఒక ఆటోవాడు అరిచాడు. ఎలాగో బ్రేకు తొక్కి, మీట నొక్కి, పట్టాలు దాటించాడు. కళ్ళు మసకగా ఉన్నాయి. శేషారత్నం గారు గిన్నె ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని కూచుంది.

భీమడోలులో మరదలికి చేపలిచ్చి తాడేపల్లిగూడెం చేరారు. అక్కడ అక్కచెల్లెళ్ళు కూచుని కబుర్లాడుకుంటుంటే, ఆయన బయట బండి పక్కన నుంచున్నాడు. అన్నానికి పిలిస్తే వెళ్ళి నాలుగు ముద్దలు తిన్నాడు. తిరుగుదారి పట్టారు. కృపానందం నోరు బిగించుకుని తోలాడు. రేపటినుంచి రానక్కర్లేదంటారేమో. అంటే ఏం చెయ్యాలో తెలియదు. అనకపోయినా ఏం చెయ్యాలో తెలియదు.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు ఎక్కారు. అటూ ఇటూ చెరువులు, ఏరేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి. ఒక వంతెన అవతల రోడ్డు నిండా బాతులు. వందలకొద్దీ బాతుల్ని ఒక మనిషి పొడుగాటి కర్రతో ఇవతలి చేలోంచి అవతలి చేలోకి తోలుతున్నాడు. బండి ఆగింది. ఇంజనూ ఆగింది.

"మా అబ్బాయితో చెప్పన్లే," అంది శేషారత్నం గారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మంచిదండి," అన్నాడు కృపానందం.

"ఎన్నాళ్ళయింది?"

"కిందటి వానల్లోనండి."

"మా ఆయన పోయినప్పుడు నేను దేవుడి గదిలో కూచుని తిట్టేదాన్ని. దేవుణ్ణి కాదు, ఆయన్నే. ఇంట్లోవాళ్ళు స్తోత్రం చదువుకుంటున్నాననుకునేవారు." కిటికీలోంచి ఇటు తిరిగి, "నిర్మల ఎలా ఉండేది బాబూ?" అని అడిగింది.

ఎవరూ అడగలేదు ఆ మాట. చనిపోయిన రోజున వచ్చినవాళ్ళంతా ఎలా పోయిందని అడిగారు. ఎలా ఉండేదని అడగలేదు. కృపానందం ముందు అద్దంలోంచి బాతుల్ని చూస్తున్నాడు. గొంతు తగ్గించాలనిపించలేదు. కప్పుకోవడానికి హోరూ లేదు.

"పొట్టి మనిషండి," అన్నాడు. "తెగ మాట్లాడేది. చర్చిలో పాట పాడితే పక్కవాళ్ళు ఆపేసేవారండి, ఈవిడ గొంతు ముందు నిలవలేక. వంకాయ కూర చాలా బాగా చేసేది. నాకు ఇష్టమని చెప్పలేదండి ఎప్పుడూ. తినేసేవాణ్ణి."

"తినేస్తే తెలిసే ఉంటుంది," అంది ఆవిడ.

బాతులు దాటిపోయాయి. బండి కదలకపోయేసరికి బాతులాయన వెనక్కొచ్చి అద్దం మీద వేలితో కొట్టి, "ఏమండీ, ఆగిపోయిందేటండీ? తొయ్యమంటారా?" అన్నాడు.

"ఆగలేదండి. బానే ఉంది," అన్నాడు కృపానందం. కాలు బ్రేకు మీంచి తీశాడు. బండి చప్పుడు చెయ్యకుండా కదిలింది.

దారిలో ఇంకా చెప్పాడు. కుళాయి గురించి, పిల్లి గురించి, ఫోన్లో తను "ఊఁ" అని ఊరుకున్న రోజుల గురించి. ఇన్నాళ్ళూ నిర్మలకే చెప్పుకున్నవి. ఇప్పుడు ఇంకొకరికి చెబుతుంటే అవన్నీ ఎప్పుడో జరిగిపోయిన సంగతుల్లా ఉన్నాయి. చెబుతున్నకొద్దీ నిర్మల దూరమవుతోంది. ఆ దూరం ఆయనకి తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు. మధ్యమధ్య వెనకనుంచి "ఊఁ" అని వినబడుతోంది.

ఊరొచ్చేసింది. చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలిపోయింది. శేషారత్నం గారు ఖాళీ గిన్నె తీసుకుని నెమ్మదిగా దిగి లోపలికి వెళ్ళింది. కృపానందం బండి షెడ్డులో పెట్టి మీట నొక్కాడు. ఆరిందో లేదో అని ఒకసారి చూసుకుని, ఏలూరు బస్సు కోసం రోడ్డు మీదకి నడిచాడు.